నాయనమ్మ పుట్టిన ఏడు, పెండ్లయిన ఏడు: ఊరి గుర్తులను తారీఖుల్లోకి ఎట్లా మార్చాలి?

దేవరకొండ_మనవడు

నాయనమ్మ జీవితాన్ని ఒక పొడుగు కాగితం మీద గీస్తున్నాం. పైన ఆమె సంగతులు, కింద హైదరాబాద్ రాష్ట్రం సంగతులు, దేశం సంగతులు. ఊరు పాత దేవరకొండ తాలూకా, నల్లగొండ జిల్లా. కింది వరుస పుస్తకాలు చూసి నింపొచ్చు. పై వరుస దగ్గరే చిక్కు. చేతిలో ఉన్న ఆధారాలు ఇవి:

1. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-1930. ఇంట్లో ఎవరూ నమ్మరు.
2. "ధాతలో పుట్టిన, జొన్న కోతలప్పుడు" అని వాళ్ల అమ్మ చెప్పేదట. ధాత అంటే ధాత కరువు అని ఒకరు, ఆ కరువు 1876లో కదా, ఎట్లా కుదురుతుందని ఇంకొకరు.
3. పెండ్లి "గడబిడల" అయిందంటుంది. అప్పటికి పదమూడేండ్లట. గడబిడ అంటే రజాకార్లే కదా అని 1948 అని రాసుకున్నాం. కానీ లగ్నపత్రిక ముక్క ఒకటి దొరికింది. దాంట్లో "విరోధి నామ సంవత్సర మాఘ శుద్ధ" వరకు ఉంది, తిథి చెదలు తిన్నది.
4. పెద్దకొడుకు "సాగర్‌కు నెహ్రూ రాయేసినప్పుడు గోడ పట్టుకొని నడుస్తుండె". అతని పదో తరగతి సర్టిఫికెట్‌లో 01-07-1953 ఉంది.
5. తాత వాళ్ల నాయన పేరు మీద ఉర్దూ రసీదు ఒకటి ఉంది. చదివించిన పెద్దాయన "తీర్ 1258 ఫసలీ" అన్నారు.

వీటిని ఏ వరుసలో, ఎట్లా లెక్క కట్టాలి?

పాత పహాణీ

మీ దగ్గర ఉన్న వాటిలో అన్నిటికంటే గట్టిది లగ్నపత్రిక. అక్కడి నుంచి మొదలుపెట్టండి, మిగతావన్నీ దానికి కట్టేయండి.

విరోధి అంటే 1949 ఉగాది నుంచి 1950 ఉగాది దాకా. చాలామంది ఇక్కడే ఒక ఏడాది జారిపోతారు. పట్టికలో "విరోధి – 1949" అని చూసి మాఘం కూడా 1949లోనే అనుకుంటారు. తెలుగు ఏడు ఉగాదికి మారుతుంది కాబట్టి పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా వచ్చేవి ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాదికి పోతాయి. విరోధి మాఘ శుద్ధం 1950 జనవరి 19కి మొదలై ఫిబ్రవరి 2 పున్నానికి ముగిసింది. తిథి చెదలు తిన్నా నష్టం లేదు, పెండ్లి ఆ రెండు వారాల్లోనే. మీ కాగితం కింది వరుసలో అదే చోట 1950 జనవరి 26 పడుతుంది: దేశం గణతంత్రమైన రోజు, హైదరాబాద్‌లో వెల్లోడి ముఖ్యమంత్రిగా, నిజాం రాజప్రముఖ్‌గా కూర్చున్న రోజు.

మరి "గడబిడ"? 1950లో రజాకార్లు లేరు. కాశిం రజ్వీ సేనలు ఊళ్ల మీద పడ్డది ముఖ్యంగా 1947 నడుమ నుంచి 1948 సెప్టెంబర్ దాకా. సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. కానీ నల్లగొండ పల్లెల్లో గడబిడ అంతకు ముందే మొదలైంది, ఆ తర్వాత కూడా ఆగలేదు. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత ఊరూరా "సంగం" పెట్టారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. పోలీసు యాక్షన్ అయ్యాక అదే మిలిటరీ కమ్యూనిస్టుల కోసం ఊళ్లలో క్యాంపులు వేసింది. 1951 అక్టోబర్ 21న సాయుధ పోరాటం విరమించేదాకా ఇది నడిచింది. కాబట్టి నల్లగొండ మనిషి నోట "గడబిడ" అంటే 1946 నుంచి 1951 దాకా ఎక్కడైనా కావచ్చు. మళ్లీ 1969 తెలంగాణ ఉద్యమాన్ని కూడా గడబిడ అనే వాళ్లున్నారు. ఆ మాటకు ఒక్క తారీఖు రాయకండి, ఒక పొడుగు గీత గీయండి.

ఆ గీతలో మీ సంగతి ఎక్కడ పడుతుందో తేల్చడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: "అప్పుడు దొర ఊర్ల ఉన్నడా?" దొర గడీలోనే ఉండి రజాకార్లకు అన్నం పెట్టిస్తే 1948 సెప్టెంబర్‌కు ముందు. గడీ ఖాళీ అయి సంగపోళ్లు భూములు పంచుతుంటే కూడా చాలా ఊళ్లలో ముందే. దొర ఖద్దరు టోపీ పెట్టుకొని మిలిట్రీ వెంట తిరిగొచ్చాడంటే తర్వాత. మీ నాయనమ్మ మూడోది చెప్తుందనే నా అంచనా.

ఇక రసీదు. 1258 కాదు, 1358 అయ్యుండాలి; 1258 అయితే 1849 అవుతుంది, తాత వాళ్ల నాయనకు కుదరదు. ఉర్దూ అంకెల్లో 2కి తలమీద ఒక పన్ను, 3కి రెండు పన్నులు. కలం సిరా పాకితే రెండు పన్నులు ఒకటైపోతాయి. ఇంకో మోసం కూడా ఉంది: ఉర్దూలో సున్నా అంటే చుక్క మాత్రమే, గుండ్రంగా కనిపించేది 5. తెలుగు కండ్లతో చూసిన వాళ్లు దాన్ని సున్నా అని చదివి ఏండ్లకు ఏండ్లు తారుమారు చేస్తారు.

ఫసలీని, అంటే శిస్తు లెక్కల ఏడును, మార్చే లెక్క ఇది. నిజాం ఇలాకాలో ఫసలీ ఏడు అక్టోబర్ మొదటి వారంలో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. వరుస: ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబిహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఆజూర్ సుమారు అక్టోబర్, దై నవంబర్, అట్లా పోతే తీర్ మే నెల అవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చే నెలలకు ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 591. తీర్ 1358 అంటే 1949 మే. లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు పెట్టుకోండి: జాగీర్ల రద్దు 1949 ఆగస్టు 15న అయింది, ఆ చట్టం పేరులోనే 1358 ఫసలీ ఉంది.

1956 తర్వాతి కాగితాలకు ఈ లెక్క వాడొద్దు. ఆంధ్ర ప్రాంతపు ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఒకే ఇంటి సంచిలో రెండు ఫసలీలూ కలిసి ఉంటాయి, తేదీ కింద ఉర్దూ నెల పేరు ఉందా లేదా చూసి తేల్చాలి.

రసీదు మీద పేరుంటే మనిషి బతికున్నాడని మాత్రం అనుకోకండి. విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) చేయించుకోక చనిపోయినవాళ్ల పేరు మీదే ముప్పై ఏండ్లు శిస్తు కట్టిన ఇళ్లు లెక్కలేనన్ని. కాస్రా పహాణీ (1954-55 నాటి ఊరి భూముల లెక్క) నకలు తీసుకోండి. అందులో పట్టాదారు గడి, అనుభవదారు గడి వేరువేరుగా ఉంటాయి. పట్టా తండ్రి పేర, అనుభవం కొడుకు పేర ఉంటే అప్పటికి కాలం చేశాడనో, భూమి పంచి ఇచ్చాడనో అనుమానించొచ్చు. అంతకు మించి ఆ కాగితం చెప్పదు.

చుక్కల లెక్క

ధాత సంగతి నేను చెప్తాను. సంవత్సరాల పేర్లు 60 ఏండ్లకు తిరిగి వస్తాయి. ధాత 1876-77లో ఒకసారి, 1936-37లో ఇంకోసారి. 1996-97లో మళ్లీ. కరువుతో గుర్తుండిపోయింది మొదటిది, మీ నాయనమ్మ పుట్టింది రెండోదాంట్లో. పేరు ఒక్కటే దొరికినప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి మిగతా ఆధారాలతో ఏది బతుకుతుందో చూడాలి. 1876 అయితే పెండ్లినాటికి 73 ఏండ్లు, 1996 అయితే మీ నాయన ఆమె కంటే పెద్దవాడు. తేలిపోయింది.

1936 ఉగాది మార్చి 24. తర్వాతి ఉగాది 1937 ఏప్రిల్ 12. మధ్యలో అధికమాసం పడింది కాబట్టి ధాత పదమూడు నెలల ఏడు. ఈ పదమూడు నెలల్లో జొన్న కోతలు రెండుసార్లు వచ్చాయి, అందుకే "ఏ జొన్న?" అని అడగండి. వానాకాలం పచ్చజొన్న అయితే కార్తీక మార్గశిరాల్లో, అంటే 1936 చివర్లో. యాసంగి తెల్లజొన్న అయితే మాఘ ఫాల్గుణాల్లో, 1937 ఫిబ్రవరి, మార్చి. నల్లరేగడి ఉన్న ఊరైతే రెండోదానికే మొగ్గు. రెండోదే అయితే ఒక పక్క సాక్ష్యం కూడా ఉంది. నిజాం సిల్వర్ జూబిలీ 1936లో జరగాల్సింది, ఇంగ్లండ్ రాజు చనిపోవడంతో 1937 ఫిబ్రవరికి జరిగింది. "జూబిలీ" అన్న మాట ఆమె పుట్టుక కథలో ఎక్కడైనా ఉందేమో అడగండి. అయితే మీరే ఆ మాట అందించకండి. "జూబిలీ అప్పుడా?" అంటే ముసలివాళ్లు మన మీద ప్రేమకొద్దీ "ఆ, అప్పుడే" అంటారు.

పెండ్లితో సరిచూద్దాం. 1937 ఫిబ్రవరి నుంచి 1950 జనవరి చివరికి పన్నెండు నిండి పదమూడో ఏడు నడుస్తోంది. మనవాళ్లు నిండినవి చెప్పరు, నడిచేది చెప్తారు. "పదమూడేండ్లు" సరిగ్గా సరిపోయింది. పచ్చజొన్న అయితే పదమూడు నిండి పద్నాలుగో ఏడు అయ్యేది.

ఆకాశం గుర్తుల గురించి ఒక్క మాట, మీ కాగితంలో తర్వాత పనికొస్తుంది. 1962 ఫిబ్రవరి అష్టగ్రహ కూటమి, 1979 జులై 11 స్కైలాబ్ (అమెరికా అంతరిక్ష కేంద్రం) కూలడం, 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. చివరిది మన మహబూబ్‌నగర్, నల్లగొండల మీదుగానే పోయింది. రంగాపూర్ వేధశాలకు లోకం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు వచ్చింది దానికోసమే. స్కైలాబ్‌కు, గ్రహణానికి మధ్య ఏడు నెలలే తేడా కాబట్టి జ్ఞాపకంలో రెండూ ఒకటైపోతాయి. "లోకం మునుగుతదని మేకలు, కోళ్లు కోసుకొని తిన్నం" అంటే స్కైలాబ్, వానాకాలం మొదలు. "పట్టపగలు కోళ్లు గూట్లకు పోయినయ్, తలుపులేసుకొని కూసున్నం" అంటే గ్రహణం, ఎండాకాలం ముంగట.

పాలమూరు పటం

పెద్దకొడుకు లెక్క నేను జెప్త. సాగర్‌కు పునాదిరాయి 1955 డిసెంబర్ 10 నాడు ఏసిన్రు. గోడ పట్టుకొని నడిచే పిలగాడంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది పైన రెండు నెలల లోపల. ఎనుకకు లెక్కబెడితే 1954 అక్టోబర్ నుంచి 1955 మార్చి నడుమ పుట్టిండు. సర్టిఫికెట్ల 1953 జులై ఉన్నదంటే బడిల ఏసిన సార్ రాసుకున్నదే. జూన్‌ల బడి తెరిచిన నాటికి వయసు సరిపోవాలె గదా, అందుకే ఆ కాలం సర్టిఫికెట్లల్ల జూన్, జులై తారీఖులు కుప్పలు కుప్పలు ఉంటయ్. దాన్ని నమ్మి నెహ్రూ రాయి జ్ఞాపకాన్ని తప్పు పట్టకుండ్రి. కాగితం అబద్ధం, ముసలమ్మ నిజం.

ఆధార్ల 01-01 కూడ అసొంటిదే. తారీఖు తెల్వనోళ్లకు జనవరి ఒకటి ఏస్తరు. 1930 అన్నదేమో గుండు లెక్క. ఎన్నేండ్లు అంటే డెబ్బై, ఎనభై అనే చెప్తరు, అరవై ఏడు అని ఎవలూ చెప్పరు. రేషన్ కార్డుకో పింఛనుకో రాయించిన నాడు మొదలైన తప్పు అన్ని కార్డులల్లకు పాకుతది. సున్నాతోటి, అయిదుతోటి ముగిసే వయసు ఎక్కడ కనబడ్డా పక్కకు ఒక ప్రశ్న గుర్తు పెట్టుండ్రి.

అడిగే తీరు గూడ ముఖ్యం. "ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా అది మీ నాయన చెప్పిందే మల్ల చెప్పినట్టు. "అప్పుడు సంకల ఎవలున్నరు?" అని అడుగుండ్రి. పిల్లల వరుస అమ్మకు తప్పదు. కాని సచ్చిపోయిన పిల్లలను వరుసల చెప్పరు. ఇద్దరి నడుమ అయిదారేండ్ల సందు కనబడితే నడుమ ఒకరు పోయిన్రేమోనని మెల్లగ అడగాలె, పదిమందిల అడగొద్దు.

పైసల గుర్తు మంచిది. హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇండియా రూపాయి. ఏడు హాలీకి ఆరు కల్దార్లు. కొత్త హాలీ నోట్లు 1951ల బందైనయ్ గాని, 1959 దాక చెల్లినయ్. అందుకని "పుస్తెలు హాలీ పైసలతోటి కొన్నం" అంటే 1950కి ముందే అని ఒత్తి చెప్పలేం. నయాపైసలు మాత్రం ఖచ్చితం: 1957 ఏప్రిల్ 1. "అణాలకు అంగడి చేసిన" అంటే గూడ పైలం, ఎందుకంటే నయాపైసలు వచ్చినంక పదేండ్లు గూడ నాలుగణా, ఎనిమిదణా అనుకుంట తిరిగిన్రు.

ఊరు ఏ దిక్కుందో దాన్ని బట్టి గుర్తులు మారుతయ్, ఇది మరవకుండ్రి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు "కాల్వ నీళ్లొచ్చినంక" అంటే 1967 ఆగస్టు తర్వాత. దేవరకొండల అదే మాటకు అర్థం లేదు, అక్కడ "డిండి" అనో, ఏలేశ్వరం మునిగిందనో అంటరు. కొల్లాపూర్, ఆలంపూర్ దిక్కు అయితే శ్రీశైలం ముంపు, 1981. జడ్చర్ల, మహబూబ్‌నగర్ నడుమ "రైలు పడ్డ ఏడు" అంటే 1956 సెప్టెంబర్, వానకు వంతెన కొట్టుకపోయి వంద మందికి పైన సచ్చిపోయిన్రు. రెండు నెలలకే నవంబర్ 1 నాడు ఆంధ్రప్రదేశ్. పోచంపల్లి దిక్కు వినోబా, 1951 ఏప్రిల్ 18. ఆగస్టు 15, 1947 మాత్రం మన దిక్కు పై వరుసల ఎవలి జీవితానికీ అంటుకోదు, అప్పుడు మనం నిజాం కిందనే ఉంటిమి. పేపర్ల కోసం అది కింది వరుసల రాసుకోండ్రి గని, "స్వతంత్రం వచ్చినప్పుడు" అని ఆమె అంటే పోలీసు యాక్షన్ అనుకుంటున్నదేమో చూసుకోవాలె.

పాత పహాణీ

పైన చెప్పిన దాంట్లో ఒకటి కలుపుతాను. రికార్డుల కోసం పోయేటప్పుడు ఇప్పటి మండలం పేరు చెప్తే దొరకవు. మండలాలు 1985లో వచ్చాయి, కొత్త జిల్లాలు 2016లో. పాత తాలూకా పేరు, ఊరి పాత పేరు, సర్వే నంబరు మూడూ రాసుకొని పోవాలి. నాయనమ్మ పుట్టినూరు వేరైతే ఇంకో ప్రశ్న: అది దివానీ (నిజాం సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసే) ఊరా, జాగీరా, సంస్థానమా? దివానీ అయితే తహసీల్ వైపు కాగితాలుంటాయి. జాగీర్ ఊళ్ల లెక్కలు జాగీర్దారు మనుషుల చేతుల్లో ఉండేవి, 1949లో రద్దయ్యాక చాలావరకు పై ఆఫీసులకు సరిగ్గా చేరలేదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు దిక్కు సంస్థానాలు, వాటి లెక్క వేరు. ఊళ్లో పుట్టుక చావులు రాసేది పోలీసు పటేలు. 1936-37 పుస్తకం దొరికితే అదృష్టం, దొరకదనుకొనే వెళ్లండి.

కాగితం మీద గీసేటప్పుడు మూడు రంగులు వాడండి. రాతలో ఉన్నది ఒక రంగు, లెక్కతో తేలింది ఒక రంగు, నోటిమాట ఒక రంగు. పెండ్లి మొదటి రంగులోకి వస్తుంది, పెద్దకొడుకు రెండో రంగు. పుట్టుక ఇంకా మూడోదాంట్లోనే ఉంది, ఏ జొన్నో తెలిస్తే రెండోదాంట్లోకి జరపొచ్చు.

దేవరకొండ_మనవడు

తెల్లజొన్నే. అడిగాం. జూబిలీ ఊసు ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. 1937 ఫిబ్రవరి–మార్చి అని రెండో రంగుతో రాసుకున్నాం.

ఇంకొక్కటి మిగిలింది. తాత పోయింది "రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడు" అంటుంది. 1983 అని రాసేయొచ్చా?

పాత పహాణీ

అప్పుడే రాయకండి. రెండు రూపాయల బియ్యం మూడుసార్లు వచ్చింది. 1983లో ఎన్టీఆర్ మొదటిసారి. నడుమ ధర పెంచారు, 1994 డిసెంబర్‌లో ఆయనే తిరిగి వచ్చి మళ్లీ రెండు చేశాడు. 2008లో వైఎస్ ఇంకోసారి. 1983 ఎన్నికలకు ముందు కాంగ్రెస్ వాళ్లు రూపాయి తొంభై పైసలకు ఇచ్చిన బియ్యాన్ని కూడా కొందరు ఇందులోనే కలిపేస్తారు.

తాత పోయాక భూమి విరాసత్‌కు ఎవరి దగ్గర తిరిగారో అడగండి. పటేల్ పట్వారీలను 1984 జనవరిలో తీసేశారు, ఎమ్మార్వో ఆఫీసులు 1985 తర్వాత. "పట్వారీ ఇంటి సుట్టు తిరిగినం" అంటే 1983. "ఎమ్మార్వో ఆఫీసుల" అంటే మిగతా రెండింట్లో ఏదో ఒకటి. అప్పుడు చిన్నకొడుకు పెండ్లి అయిందా లేదా అడిగితే ఆ రెండూ విడిపోతాయి.